లాంథనం పొడితో రంగుల్ని ఏరి పట్టడం: డెల్టా కాలేజీ ల్యాబుల కోసం అంచెలంచెల మార్గదర్శి

సంక్రాంతి సెలవులు అయ్యేసరికి ఎమ్మెస్సీ ప్రాజెక్టు పిల్లల దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న. "సార్, పొడి వచ్చింది. మిథిలిన్ బ్లూ రంగు పోయింది, మిథైల్ ఆరెంజ్ అలాగే ఉంది. సెలెక్టివ్ అని రాసేయొచ్చా?"

అప్పుడే రాయకండి. సెలెక్టివ్ అంటే కలిసి ఉన్న రంగుల్లో ఒకదాన్నే ఏరి పట్టేది అని. నీళ్ళలో రంగు తగ్గడానికి అయిదారు దారులున్నాయి. గాజు గోడ పట్టుకోవచ్చు, ఫిల్టరు పట్టుకోవచ్చు, కిటికీలోంచి పడే ఎండకు వెలిసిపోవచ్చు, కాలువ నీటిలోని ఒండ్రు మింగేయవచ్చు. మీ పొడి పట్టుకోవడం వాటిలో ఒకటి. మిగతావన్నీ కావని తేల్చాకే అధిశోషణం (రంగు పొడి ఉపరితలానికి అంటుకోవడం) అన్న మాట రాయాలి. పొడి తయారీకి ఒక పూట చాలు. అసలు కష్టమంతా తర్వాతే, అందుకే ఇక్కడ దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

## 1. ఏ పొడి చేయాలి

లాంథనం, దాని వరసలోని సీరియం, టెర్బియం వంటి లోహాలే లాంథనైడ్లు. లాంథనైడ్ అయాన్‌కి ఆక్సిజన్ అంటే ఇష్టం. ఒక్కో అయాన్ తన చుట్టూ ఎనిమిదో తొమ్మిదో ఆక్సిజన్ పరమాణువుల్ని కూర్చోబెట్టుకుంటుంది. మూడు కార్బాక్సిల్ చేతులున్న ట్రైమెసిక్ ఆమ్లాన్ని ఇస్తే, ఆ చేతులు ఒక అయాన్‌ని ఇంకో అయాన్‌తో కలుపుతూ పోతాయి. అలా అల్లుకున్నదే కోఆర్డినేషన్ పాలిమర్.

మొదటిసారి చేసేవాళ్ళు నీళ్ళలో, గది ఉష్ణోగ్రత దగ్గర వచ్చే లాంథనం ట్రైమెసేట్‌తో మొదలుపెట్టండి. ఇందులో ఒక లాంథనం, ఒక ట్రైమెసేట్, ఆరు నీటి అణువులు ఉంటాయి. అణుభారం 454.1.

ఒక సంగతి ఇప్పుడే గుర్తుపెట్టుకోండి. ఇది గొలుసు నిర్మాణం, కన్నాలున్న జల్లెడ కాదు. రంగు అణువు దీని ఉపరితలం మీద పట్టుకుంటుంది, అదీ ముఖ్యంగా విద్యుదావేశం వల్ల. కాబట్టి దీనితో ప్రయోగం చేసి, రిపోర్టులో "రంధ్రాల పరిమాణం వల్ల ఎంపిక జరిగింది" అని రాయకూడదు. కన్నాల నిర్మాణమే కావాలంటే టెర్బియం నైట్రేట్, ట్రైమెసిక్ ఆమ్లం తీసుకుని డీఎమ్ఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్ అనే ద్రావణి), ఇథనాల్, నీళ్ళ మిశ్రమంలో 80 డిగ్రీల దగ్గర ఒక రోజు ఉంచే పద్ధతి ఉంది. డీఎమ్ఎఫ్ చర్మంలోంచి ఒంట్లోకి దిగుతుంది, గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది. ఆవిరుల్ని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ సరిగా పనిచేయని ల్యాబులో దాని జోలికి వెళ్ళొద్దు.

లోహం విషయానికొస్తే, లాంథనం చవక, రంగు లేదు, గొడవ తక్కువ. సీరియం కూడా చవకే గానీ క్షారం తగిలితే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పసుపుపచ్చగా మారుతుంది. టెర్బియం ఖరీదు, కానీ యూవీ దీపం కింద ఆకుపచ్చగా మెరుస్తుంది. నేనైతే 95 శాతం లాంథనంలో 5 శాతం టెర్బియం కలుపుతాను. ఖర్చు పెద్దగా పెరగదు, ఆ మెరుపు మాత్రం తర్వాత చాలా చోట్ల అక్కరకొస్తుంది.

(మన కోస్తా ఇసుకలో మోనజైట్ ఉంది కదా, దాన్నుంచే లాంథనం తీద్దామా అని ఏటా ఒకరైనా అడుగుతారు. వద్దు. మోనజైట్‌లో థోరియం ఉంటుంది, అది రేడియోధార్మికం. కాలేజీ ల్యాబులో చేసే పని కాదు.)

## 2. ముందే సర్దుకోవలసినవి

- లాంథనం నైట్రేట్ హెక్సాహైడ్రేట్, కొద్దిగా టెర్బియం నైట్రేట్ హెక్సాహైడ్రేట్
- ట్రైమెసిక్ ఆమ్లం
- 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్, అదే రోజు కలిపినది
- మిథిలిన్ బ్లూ, మిథైల్ ఆరెంజ్, క్రిస్టల్ వయొలెట్
- డిస్టిల్డ్ వాటర్ (ఇరవై లీటర్ల మినరల్ వాటర్ టిన్ను పనికిరాదు)
- సెంట్రిఫ్యూజ్, మాగ్నెటిక్ స్టిర్రర్, పీహెచ్ మీటర్, విజిబుల్ స్పెక్ట్రోఫోటోమీటర్ (ద్రావణం ఎంత కాంతిని మింగుతుందో కొలిచేది)
- మూత బిగుసుకునే 50 మి.లీ. పాలీప్రొపిలీన్ ట్యూబులు
- అల్యూమినియం ఫాయిల్, సిలికా జెల్ ఉన్న డెసికేటర్ (తేమ చేరనివ్వని మూత పాత్ర)
- టీడీఎస్ మీటర్ (నీళ్ళలో కరిగిన లవణాలు ఎంతో చూపేది). ఆర్వో ప్లాంటు కుర్రాళ్ళ జేబులో ఉండేదే, అది చాలు

మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ. లాంథనం నైట్రేట్ తేమను లాక్కుంటుంది. శ్రావణమాసంలో సీసా మూత తీసి పక్కన పెడితే సాయంత్రానికి పాకమవుతుంది. కావలసినంత తూచుకుని వెంటనే మూత బిగించి డెసికేటర్‌లో పెట్టండి. గడ్డకట్టిన పాత సీసాలోంచి తూచితే బరువులో సగం నీళ్ళే ఉండొచ్చు, దాంతో లోహం, ఆమ్లం నిష్పత్తి మొదట్లోనే తప్పుతుంది.

## 3. పొడి తయారీ

అంచె 1. ట్రైమెసిక్ ఆమ్లం 0.210 గ్రాములు, అంటే 1 మిల్లీమోల్, 15 మి.లీ. నీళ్ళలో వేయండి. చన్నీళ్ళలో సరిగా కరగదు, కంగారు పడకండి.

అంచె 2. కలుపుతూ 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌ని చుక్కచుక్కగా పోయండి. లెక్క ప్రకారం 3 మి.లీ. కావాలి. 2.8 మి.లీ. దగ్గర ఆగి పీహెచ్ చూడండి. 6 నుంచి 6.5 మధ్య ఉంటే చాలు, 7 దాటనివ్వొద్దు. క్షారం ఎక్కువైతే లోహం హైడ్రాక్సైడ్‌గా దిగుతుంది. చూడ్డానికి అదీ తెల్లని పొడే, అదీ రంగు పట్టుకుంటుంది. మోసపోయేది ఇక్కడే.

అంచె 3. నీళ్ళు చేర్చి మొత్తం 20 మి.లీ. చేయండి. ఇంకా కరగని రేణువులుంటే వడకట్టండి.

అంచె 4. వేరే బీకరులో లాంథనం నైట్రేట్ 0.411 గ్రాములు, టెర్బియం నైట్రేట్ 0.023 గ్రాములు 20 మి.లీ. నీళ్ళలో కరిగించండి.

అంచె 5. లోహ ద్రావణాన్ని ఆమ్ల ద్రావణంలోకి బ్యూరెట్‌తో ఇరవై నిమిషాల పాటు చుక్కచుక్కగా వదలండి. ఈ వరస తిరగేయొద్దు. ఇలా పోస్తున్నంతసేపూ కార్బాక్సిలేట్ ఎక్కువగా, లోహం తక్కువగా ఉంటుంది కాబట్టి ఉపరితలం మీద రుణావేశం మిగిలే అవకాశం ఎక్కువ. తిరగేసి పోస్తే అదే పొడి ధనావేశం వైపు మొగ్గి, మిథిలిన్ బ్లూకి బదులు మిథైల్ ఆరెంజ్‌ని పట్టుకోవచ్చు. ఒకే కాలేజీలో ఇద్దరు ఒకే రెసిపీ చేసి రెండు రకాల ఫలితాలు తెచ్చారంటే నేను మొదట అడిగేది ఇదే: "ఎందులో ఏది పోశారు?"

అంచె 6. ఒక గంట కలిపి, మూతపెట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. మొదట జిగురులా ఉన్న తెలుపు తెల్లారేసరికి కిందకు దిగి పొడిలా విడిపోతుంది.

మొత్తం ప్రాజెక్టుకు 100 నుంచి 120 ట్యూబులు పడతాయి, ఒక్కోదానిలో 10 మి.గ్రా. మిగతా పరీక్షలకు పోయేదీ కలిపితే కనీసం గ్రామున్నర పొడి కావాలి. అందుకని అన్నిటినీ నాలుగు రెట్లు చేసి ఒకే బీకరులో కలపొద్దు, కలిసే తీరు మారిపోతుంది. నాలుగు విడతలు విడివిడిగా చేసి, ఒక్కోటీ అయిదో సెక్షన్ పరీక్షల్లో నెగ్గాక ఒకే సీసాలో కలిపేయండి. చివరిదాకా ఆ సీసాలోంచే వాడండి.

## 4. కడగడం, ఆరబెట్టడం

సెంట్రిఫ్యూజ్‌లో నిమిషానికి 4000 చుట్లు, పది నిమిషాలు. పైనీళ్ళు వంచేసి కొత్త నీళ్ళు పోసి బాగా కుదపండి. నీళ్ళతో మూడుసార్లు, ఇథనాల్‌తో రెండుసార్లు.

మూడుసార్లు అన్నది అందరూ రాసే అంకె. మీ పొడికి ఎన్నిసార్లు కావాలో చెప్పేది టీడీఎస్ మీటర్. కడిగిన నీళ్ళ రీడింగు డిస్టిల్డ్ వాటర్ రీడింగు దగ్గరకు వచ్చేదాకా కడగండి. సోడియం నైట్రేట్ లోపల మిగిలితే బరువు లెక్కా తప్పే, ఉప్పు ప్రభావమూ కలుస్తుంది.

60 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఉంచి, చల్లారాక కల్వంలో తేలిగ్గా నలిపి, 100 మెష్ జల్లెడ పట్టి డెసికేటర్‌లో దాచండి. గట్టిగా నూరితే రేణువులు మరీ సన్నబడి సెంట్రిఫ్యూజ్‌లో కిందకు దిగవు.

ఒక విడతకు గరిష్ఠ దిగుబడి సుమారు 0.455 గ్రాములు. అంతకంటే ఎక్కువ తూగిందని సంతోషించొద్దు. తడి మిగిలింది, లేదా ఉప్పు మిగిలింది.

## 5. అనుకున్నదే వచ్చిందా

పొడి ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్ కిరణాలతో స్ఫటిక నిర్మాణం చూసే పరీక్ష) కావాల్సిందే, దానికి విశాఖో ఇంకెక్కడికో పంపాల్సి రావచ్చు. రిపోర్టు వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు, ల్యాబులోనే మూడు పరీక్షలున్నాయి.

- నీటి పరీక్ష: 100 మి.గ్రా. పొడిని 200 డిగ్రీల దగ్గర మూడు గంటలు ఉంచండి. ఆరు నీటి అణువులు పోతే బరువు 23.8 శాతం తగ్గాలి.
- బూడిద పరీక్ష: మఫుల్ ఫర్నేస్‌లో 900 డిగ్రీల దగ్గర కాల్చండి. లాంథనం ఆక్సైడ్‌గా 36 శాతం దాకా మిగలాలి. అది సున్నంలా గాలిలోని తేమను పీలుస్తుంది, చల్లారిన వెంటనే తూచండి.
- మెరుపు పరీక్ష: 254 నానోమీటర్ల యూవీ దీపం కింద ఆకుపచ్చగా మెరవాలి. పొడి గాజు సీసాలో ఉంటే ఏమీ కనిపించదు, గాజు ఆ కిరణాల్ని ఆపేస్తుంది. వాచ్‌గ్లాసు మీద పరిచి పైనుంచి వేయండి. కళ్ళద్దాలు తప్పనిసరి.

బూడిద 36 కంటే బాగా ఎక్కువ వచ్చిందా? హైడ్రాక్సైడ్ కలిసింది. మూడో సెక్షన్‌లో రెండో అంచెకు వెనక్కి వెళ్ళండి.

## 6. రంగు ద్రావణాలు

సీసా మీద లేబుల్ చదవండి. మిథిలిన్ బ్లూ తరచు ట్రైహైడ్రేట్‌గా వస్తుంది. 100 మి.గ్రా. అసలు రంగు కావాలంటే ట్రైహైడ్రేట్ 117 మి.గ్రా. తూచాలి. ఈ 17 మి.గ్రా. మర్చిపోతే తర్వాతి అంకెలన్నీ తప్పే.

లీటరుకు 100 మి.గ్రా. స్టాక్ చేసి, అందులోంచి పలుచన చేయండి. మిథిలిన్ బ్లూకి 664 నానోమీటర్ల దగ్గర 0.5 నుంచి 4 మి.గ్రా. దాకా, మిథైల్ ఆరెంజ్‌కి 464 దగ్గర 1 నుంచి 10 మి.గ్రా. దాకా కాలిబ్రేషన్ గీత (తెలిసిన గాఢతకు రీడింగు ఎంతో చూపేది) వేయండి. అబ్జార్బెన్స్ (మింగిన కాంతి కొలత) 1 దాటిన రీడింగుల్ని నమ్మకుండా, పలుచన చేసి మళ్ళీ చూడండి. మిథిలిన్ బ్లూ గాఢత పెరిగితే రెండేసి అణువులు జతకడతాయి, 610 చుట్టూ అసలు శిఖరం పక్కన భుజంలా ఇంకోటి లేస్తుంది, గీత వంగిపోతుంది.

మిథైల్ ఆరెంజ్‌కి ఇంకో పేచీ ఉంది. అది అసలే సూచిక. పీహెచ్ 4.4 కంటే దిగితే ఎరుపు వైపు తిరుగుతుంది, శిఖరం 464 నుంచి పక్కకు జరుగుతుంది, రీడింగును నమ్మలేం. పొడి ఏమీ పట్టకపోయినా పట్టినట్టు కనిపించవచ్చు. ప్రతి నమూనానీ కొలిచే ముందు 6.5 పీహెచ్‌కి తెచ్చుకోండి.

## 7. ఖాళీ పరీక్షలు: దయచేసి ఇది దాటేయొద్దు

మొదటి రోజుల్లో నేను సిరంజి ఫిల్టరు వాడాను. మిథిలిన్ బ్లూ తొంభై శాతం పైగా పోయింది, మిథైల్ ఆరెంజ్ దాదాపు అలాగే ఉంది. మూడు వారాలు ఊరేగాను. ఒకరోజు ఫిల్టరు విప్పి చూస్తే నైలాన్ బిళ్ళ నీలంగా ఉంది. పొడి లేకుండా ఉత్త రంగునీళ్ళు పోసినా అదే ఫలితం. నా "సెలెక్టివ్ పదార్థం" ఆ బిళ్ళే!

అప్పటినుంచి సెంట్రిఫ్యూజ్ తప్ప ఫిల్టరు ముట్టను. ప్రతి ప్రయోగం పక్కన ఇవి నడవాలి:

- రంగు ఉంది, పొడి లేదు, అదే ట్యూబు, అదే సమయం. తగ్గితే గోడ తప్పు. గాజు మిథిలిన్ బ్లూని బాగా పట్టుకుంటుంది, అందుకే ప్లాస్టిక్ ట్యూబులు చెప్పాను.
- పొడి ఉంది, రంగు లేదు. సెంట్రిఫ్యూజ్ అయ్యాక పైనీళ్ళను వెడల్పు పళ్ళెంలో పోసి యూవీ దీపం కింద చూడండి. ఆకుపచ్చ మెరుపు కనిపిస్తే సన్నరేణువులు ఇంకా తేలుతున్నాయి, అవి అబ్జార్బెన్స్‌ని పాడుచేస్తాయి.
- రెండు రంగులు కలిపినవి, పొడి లేదు, 24 గంటలు. మిథిలిన్ బ్లూ ధనావేశం, మిథైల్ ఆరెంజ్ రుణావేశం. గాఢత పెరిగితే ఒకదాన్నొకటి పట్టుకుని మడ్డిగా దిగొచ్చు.
- అన్ని ట్యూబులకూ ఫాయిల్ చుట్టాలి. ఎండ తగిలితే మిథిలిన్ బ్లూ వెలుస్తుంది.

లోహం నీళ్ళలోకి కారుతుందేమో కూడా రంగు లేని ట్యూబులోనే చూడాలి. ఆర్సెనాజో-3 సూచిక లాంథనంతో కలిసినప్పుడు 650 నానోమీటర్ల చుట్టూ రంగు ఇస్తుంది. మిథిలిన్ బ్లూ శిఖరమూ దాని పక్కనే, కాబట్టి రంగు మిగిలిన ట్యూబులో కొలిస్తే ఏది ఏదో తెలియదు.

## 8. ఎంపిక పరీక్ష

విడివిడిగా చేసిన రెండు ప్రయోగాలతో ఎంపిక తేలదు. ఒకే ట్యూబులో ఇద్దరూ పోటీపడాలి.

అంచె 1. ఒక్కో రంగు లీటరుకు 10 మి.గ్రా. ఉండేలా కలిపిన ద్రావణం 20 మి.లీ. తీసుకోండి. నీలం, నారింజ కలిసి ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఖాళీ పరీక్షలో ఈ గాఢత దగ్గర మడ్డి దిగితే రెండింటినీ సగానికి తగ్గించండి.

అంచె 2. 10 మి.గ్రా. పొడి వేసి, 30 డిగ్రీల వాటర్‌బాత్ షేకర్‌లో పెట్టండి. మన మే నెలలో "గది ఉష్ణోగ్రత" అని రాస్తే అది 27 అయినా కావచ్చు, 38 అయినా కావచ్చు.

అంచె 3. 5, 10, 20, 30, 60, 120, 240 నిమిషాలకు వేర్వేరు ట్యూబులు తీయండి. ఒకే ట్యూబులోంచి పదేపదే నీళ్ళు తీస్తే పొడికీ నీటికీ నిష్పత్తి మారుతుంది.

అంచె 4. సెంట్రిఫ్యూజ్ చేసి రెండు తరంగదైర్ఘ్యాల దగ్గరా కొలవండి. ప్రతిదీ మూడుసార్లు.

లెక్క ఇది: పట్టిన మోతాదు = (మొదటి గాఢత − మిగిలిన గాఢత) × ద్రావణం లీటర్లలో ÷ పొడి గ్రాముల్లో.

మాటవరసకు మిథిలిన్ బ్లూ 10 నుంచి 2.4కి దిగిందనుకోండి. 7.6 × 0.020 ÷ 0.010 = గ్రాముకు 15.2 మి.గ్రా. దాన్ని మిగిలిన 2.4తో భాగిస్తే 6.33. మిథైల్ ఆరెంజ్ 10 నుంచి 9.5కి వచ్చింది, అంటే గ్రాముకు 1.0 మి.గ్రా., 9.5తో భాగిస్తే 0.105. ఈ రెండింటి నిష్పత్తే ఎంపిక గుణకం, ఇక్కడ 60.

ఇప్పుడు మిథైల్ ఆరెంజ్ రీడింగు కొంచెం అటూ ఇటూ అయి 9.8 అనుకుని మళ్ళీ లెక్క వేయండి. గుణకం 155 అయిపోతుంది! పొడి మారలేదు, 0.3 మి.గ్రా. తేడాకే రెండున్నర రెట్లు. అందుకే ఒక్క పెద్ద అంకె చూసి మురిసిపోవద్దు. మూడుసార్ల సగటు, దాని పక్కన తేడా ఎంతో కూడా రాయండి. మిథైల్ ఆరెంజ్ తగ్గుదల మీ కొలత దోషం కంటే చిన్నదైతే, "కనీసం ఇంత" అని మాత్రమే చెప్పగలరు.

తర్వాత క్రిస్టల్ వయొలెట్ పెట్టండి, 590 నానోమీటర్ల దగ్గర కొలత. అదీ ధనావేశమే, కానీ మిథిలిన్ బ్లూ కంటే పెద్దది, బల్లపరుపుగా ఉండదు. దాన్నీ పట్టుకుంటే ఎంపిక ఆవేశం వల్ల జరుగుతోంది. వదిలేస్తే పరిమాణం గురించి ఆలోచించవచ్చు. మన గొలుసు పొడికి మొదటిదే జరగాలి.

ఇంకో ట్యూబులో అంతే బరువు కొబ్బరిచిప్ప యాక్టివేటెడ్ కార్బన్ వేయండి. కోనసీమలో కూర్చుని కొబ్బరిచిప్ప బొగ్గుతో పోల్చకుండా రిపోర్టు ఇస్తే వైవాలో మొదటి ప్రశ్న అదే. బొగ్గు బహుశా ఎక్కువే పట్టుకుంటుంది, కానీ రెండు రంగుల్నీ పట్టుకుంటుంది. మీ పొడి విలువంతా ఆ తేడాలోనే ఉంది, మొత్తం మోతాదులో బొగ్గుని ఓడించాలని చూడకండి.

## 9. పీహెచ్ ఎక్కడిదాకా

పాత రిపోర్టులు చూసి 2 నుంచి 12 దాకా వెళ్ళొద్దు. 4 కంటే కింద కార్బాక్సిలేట్ ప్రోటాన్‌ని తీసుకుని లోహాన్ని వదిలేస్తుంది, పొడి కరిగిపోతుంది. 8 దాటితే హైడ్రాక్సైడ్ మొదలవుతుంది. 4 నుంచి 8 మధ్యే మీ ఆట.

పీహెచ్ నిలబెట్టడానికి ఫాస్ఫేట్ బఫర్ అస్సలు వాడొద్దు. లాంథనం ట్రైమెసేట్‌ని వదిలి ఫాస్ఫేట్‌తో వెళ్ళిపోతుంది. ట్యూబులో తెల్లపొడి అలాగే కనిపిస్తుంది, కానీ అది లాంథనం ఫాస్ఫేట్. పలుచని ఆమ్లం, పలుచని క్షారం చుక్కలతోనే సరిచేయండి.

## 10. కాలువ నీళ్ళతో పరీక్ష

డిస్టిల్డ్ వాటర్‌లో నెగ్గిన పొడిని మన నీళ్ళలో వేసి చూడాలి. ఒకేసారి దూకకుండా మెట్లు దిగండి:

1. డిస్టిల్డ్ వాటర్
2. 0.01 మోలార్ ఉప్పునీరు
3. 0.1 మోలార్ ఉప్పునీరు
4. పంటకాలువ నీరు
5. రొయ్యల చెరువు నీరు లేదా మురుగుకాలువ నీరు

ఆవేశం వల్ల పట్టుకునే పొడి మూడో మెట్టుకే బాగా తగ్గిపోతుంది, సోడియం అయాన్లు చోటు ఆక్రమిస్తాయి. అంతర్వేది, నరసాపురం వైపు బోరు నీళ్ళలో ఉప్పు ఎలాగూ ఉంటుంది, కాబట్టి ఈ మెట్టు మన ప్రాంతానికి ముఖ్యం. తగ్గితే తగ్గిందనే రాయండి. అది ఓటమి అనుకోవద్దు, పట్టు ఎలాంటిదో చెప్పే ఆధారం అది.

కాలువ నీళ్ళ దగ్గర మన డెల్టా పిల్లలు పడే గొయ్యి ఒకటుంది. వరద రోజుల్లో గోదావరి ఎర్రనీరు తెచ్చి ప్రయోగం చేస్తారు. ఆ ఎరుపు ఒండ్రుమట్టి. బంకమట్టి మిథిలిన్ బ్లూని ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, మట్టిలో బంక ఎంతుందో కొలవడానికే ఆ రంగు వాడతారు. ధవళేశ్వరం దిగువన తెచ్చిన బకెట్టు నీళ్ళు మీ పొడి అవసరం లేకుండానే రంగు మింగేస్తాయి. నీళ్ళని రాత్రంతా తేర్చి, వడకట్టి, తర్వాతే రంగు కలపండి. పొడి లేని ఖాళీ ట్యూబు ఇక్కడ రెట్టింపు అవసరం. వేసవిలో కాలువలు కట్టేస్తారు, నీళ్ళు అంతకుముందే పట్టుకుని చల్లగా దాచుకోండి.

అయిదో మెట్టులో శత్రువు ఫాస్ఫేట్. రొయ్యల మేత నుంచి, చేలో వేసిన డీఏపీ నుంచి అది నీళ్ళలో చేరుతుంది. చెరువుల్లో ఫాస్ఫేట్ తీయడానికి లాంథనం కలిపిన బంకమట్టిని వాడేది కూడా ఈ గుణం వల్లే. అమ్మోనియం మాలిబ్డేట్, ఆస్కార్బిక్ ఆమ్లంతో నీలిరంగు పరీక్ష ముందే చేయండి. ఫాస్ఫేట్ ఉంటే ప్రయోగం తర్వాత పొడిని మళ్ళీ ఎక్స్‌ఆర్‌డీకి పంపాలి.

మగ్గాల ఊళ్ళ గురించి కూడా అడుగుతుంటారు. "బండార్లంక రంగునీళ్ళు తెస్తాం సార్" అని. తేండి, కానీ ముందు అది ఏ రకం రంగో కనుక్కోండి. నూలుకు వాడే రియాక్టివ్ రంగులు సల్ఫోనేట్లు, అంటే రుణావేశం, మిథైల్ ఆరెంజ్ వర్గం. ఆ తొట్టెలో ఉప్పూ ఉంటుంది, సోడాయాష్ వల్ల పీహెచ్ 10, 11 ఉంటుంది. మిథిలిన్ బ్లూని ఏరి పట్టే పొడి అక్కడ ఏ పనీ చేయకపోవచ్చు, పైగా పాడైపోతుంది. కొబ్బరిపీచు చాపలకు వేసే బేసిక్ రంగులు మాత్రం ధనావేశం ఉన్నవి, మీ పొడికి దగ్గరి చుట్టాలు. నన్నడిగితే మొదట అక్కడి నీళ్ళే తేవాలి.

## 11. తరచు ఎదురయ్యే చిక్కులు

రెండు రంగులూ పోతున్నాయి. బూడిద పరీక్ష మళ్ళీ చేయండి, హైడ్రాక్సైడ్ కలిసి ఉంటుంది. అది కాకపోతే మిథైల్ ఆరెంజ్ కొలిచేటప్పుడు పీహెచ్ దిగిపోయి ఉండొచ్చు.

ఏ రంగూ పోవడం లేదు. సరిగా కడగలేదు, లేదా ఆరబెట్టినప్పుడు గడ్డకట్టింది. జల్లెడ పట్టండి, పది నిమిషాలు అల్ట్రాసోనిక్ బాత్‌లో చెదరగొట్టండి.

మొదటి వారం బాగుంది, రెండో వారం సగమే. విడతలు కలిపేశారా లేదా? రంగు స్టాక్ పాతబడిందా? పొడి తేమ పట్టిందా? ఈ వరసలో వెతకండి.

సూడో సెకండ్ ఆర్డర్ గీత (రంగు పట్టే వేగానికి వాడే సమీకరణం) 0.999 దాకా సరిపోయింది. వస్తుంది. సమతాస్థితి దగ్గరి బిందువులు ఎక్కువుంటే ఆ గీత ఎవరికైనా అలాగే వస్తుంది. దాన్ని చూసి రసాయన బంధం అని రాయకండి. మొదటి ఇరవై నిమిషాల బిందువులు పెంచండి.

లాంగ్‌మ్యూర్ సమీకరణం (గాఢతకీ పట్టిన మోతాదుకీ సంబంధం చెప్పేది) సరిపోవడం లేదు. కనీసం ఏడు గాఢతలు తీసుకుని, సరళరేఖగా మార్చకుండా ఎక్సెల్ సాల్వర్‌తో వక్రాన్నే సరిపెట్టండి.

## 12. రంగు విడిపించడం, వ్యర్థాలు

పట్టిన రంగు తిరిగి రావాలి, అప్పుడే లెక్క ముడిపడుతుంది. నీలంగా మారిన పొడిని రెండు భాగాలు చేయండి. ఒకదానిపై ఉత్త ఇథనాల్, రెండోదానిపై అంతే ఇథనాల్‌లో ఉప్పు కరిగినంత వేసి పోయండి. ఉత్తదానిలో కొంచెమే వచ్చి, ఉప్పు ఉన్నదానిలో ఎక్కువ వస్తే పట్టు ఆవేశానిదని మరో సాక్ష్యం. వచ్చిన రంగు, నీళ్ళలో మిగిలిన రంగు కలిపితే మొదట వేసినదానికి దగ్గరగా రావాలి. ఆమ్లంతో విడిపించొద్దు, పొడే కరుగుతుంది.

అయిదు విడతలు తిరిగి వాడి, అయిదోసారి తర్వాత నీటి పరీక్ష, బూడిద పరీక్ష చేయండి.

రంగునీళ్ళు సింకులో పోయకండి. మన ఊళ్ళలో సింకు గొట్టం వెళ్ళేది మురుగుకాలువకే, అక్కడినుంచి ఎవరి చెరువుకో. ఒక క్యానులో పోగేసి, అందులో కొబ్బరిచిప్ప కార్బన్ వేసి రంగు పోయాక, ఆ కార్బన్‌ని ఆరబెట్టి కాలేజీ రసాయన వ్యర్థాల డబ్బాకు ఇవ్వండి. వాడిన లాంథనం పొడిని పలుచని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, తేరిన ట్రైమెసిక్ ఆమ్లాన్ని వడకట్టి, ఆక్సాలిక్ ఆమ్లం వేస్తే లాంథనం ఆక్సలేట్ తెల్లగా దిగుతుంది. ఆ సీసా మీద తేదీ, లాట్ నంబరు రాసి తర్వాతి బ్యాచ్ పిల్లలకు అప్పజెప్పండి.